ఇంటికి, కారుకి ఇన్సూరెన్స్ ఖర్చు ఎలా తేలుతుంది? హైదరాబాద్ వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

వానాకాలం ముందర, కారు రెన్యూవల్ మెసేజ్ వచ్చినప్పుడు, కొత్త ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అయినప్పుడు అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఎక్కువమంది అడిగేది "ఎంతవుతుంది?" అని. అంతకంటే ముందు అడగాల్సింది "ఆ డబ్బుకి ఏం వస్తుంది?" అని. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమయ్యేలా జవాబులు రాశాను. లెక్కల్లో వాడిన కారు ధరలు, ఫ్లాట్ కొలతలు ఉదాహరణకు మాత్రమే.

## తీసుకోవాలా వద్దా అనుకుంటున్నప్పుడు

హైదరాబాద్‌కి సముద్రం లేదు, తుపాను భయం లేదు. వరద కవర్‌కి డబ్బు దండగ కాదా?

మన దగ్గర నీళ్లు నాలా పొంగి వస్తాయి, చెరువు కట్ట తెగి వస్తాయి, మ్యాన్‌హోల్‌లోంచి వెనక్కి తన్నుకొస్తాయి. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఆ నెలలోనే పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగాయి. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. విజయవాడ కూడా సముద్రం ఒడ్డున లేదు, అయినా 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది.

పైగా వరద కవర్‌ని మీరు విడిగా కొనే పనే లేదు. ఇంటికి తీసుకునే ప్రామాణిక పాలసీలో అది మొదటి నుంచే ఉంటుంది. కారుకి ఓన్ డ్యామేజ్ (మీ సొంత కారుకి జరిగిన నష్టానికి ఇచ్చే కవర్) ఉంటే అందులోనూ ఉంటుంది. ఏజెంటు కాస్త ధర తగ్గించడానికి "వరద తీసేద్దాం సార్" అంటే ఒప్పుకోకండి.

తీరంలో ఉన్న ఊళ్ల కంటే మన దగ్గర కారు ప్రీమియం తక్కువ ఉండాలి కదా?

కారు విషయంలో లెక్క తిరగబడుతుంది. పాత మోటార్ టారిఫ్ (ఒకప్పుడు కంపెనీలన్నీ పాటించాల్సిన ధరల పట్టిక) దేశాన్ని రెండు జోన్లుగా విడగొట్టింది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై, పుణె, ఢిల్లీ, కోల్‌కతా, అహ్మదాబాద్ జోన్ ఏ. మిగతా దేశమంతా జోన్ బి. అంటే సముద్రం పక్కనే ఉన్న విశాఖపట్నం జోన్ బిలో ఉంటే, నడి దక్కన్‌లో ఉన్న హైదరాబాద్ ఖరీదైన జోన్ ఏలో ఉంది. వరంగల్, విజయవాడ, కర్నూలు కూడా జోన్ బియే.

తేడా పెద్దదేం కాదు. ఐడీవీ (కారుకి లెక్కగట్టిన బీమా విలువ) 8 లక్షలున్న 1,200 సీసీ కొత్త కారుకి జోన్ ఏ రేటు 3.283 శాతం, అంటే 26,264 రూపాయలు. జోన్ బిలో 3.191 శాతం, అంటే 25,528. తేడా 736 రూపాయలు. 2007 తర్వాత కంపెనీలకు ఓన్ డ్యామేజ్ ధర తామే నిర్ణయించుకునే స్వేచ్ఛ వచ్చింది కాబట్టి దీని మీద భారీగా డిస్కౌంట్లు ఇస్తుంటాయి. ఇంకో మాట, ఈ జోన్ కారు ఎక్కడ రిజిస్టర్ అయిందన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరు ఎక్కడ తిరుగుతున్నారన్నది చూడరు.

చట్టప్రకారం ఏది తప్పనిసరి?

కారుకి థర్డ్ పార్టీ ఒక్కటే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ దాన్ని తప్పనిసరి చేసింది. లేకుండా నడిపి దొరికితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4,000. ఈ పాలసీ మీ కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టాన్ని కడుతుంది. ప్రాణనష్టానికి, గాయాలకు పరిమితి లేదు, ఆస్తి నష్టానికి 7.5 లక్షల వరకు. మీ కారు రిపేరుకి మాత్రం ఇందులోంచి పైసా రాదు.

ఇంటికి ఇన్సూరెన్స్ చేయించాలని ఏ చట్టమూ చెప్పదు. అందుకే చాలామంది కారుకి ఏటా మర్చిపోకుండా కట్టి, అంతకు పదింతల విలువైన ఇంటిని వదిలేస్తారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

హోమ్ లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకు ఇన్సూరెన్స్ డబ్బు కట్ చేసుకుంది. మళ్లీ ఇంటికి తీసుకోవాలా?

ముందు ఆ కాగితం తీసి చూడండి. లోన్‌తో పాటు అంటగట్టేది చాలాసార్లు లోన్ ప్రొటెక్షన్ పాలసీ. అది మీ ప్రాణానికి సంబంధించినది. మీకేమైనా అయితే అప్పు తీరుతుంది. ఇల్లు కాలిపోయినా, మునిగినా అది పనికిరాదు. ఇంటి బీమా అయితే కాగితంలో ఫ్లాట్ చిరునామా, బిల్డింగ్ సమ్ ఇన్సూర్డ్ (బీమా చేసిన మొత్తం), అగ్నిప్రమాదం, భూకంపం, వరద లాంటి మాటలు కనిపిస్తాయి. అవి కనిపిస్తే, ఎన్నేళ్లకు కట్టారో, మొత్తం లోన్ బాకీకే పరిమితం చేశారో, పూర్తి నిర్మాణ ఖర్చుకి చేశారో చూసుకోండి. బ్యాంకు చెప్పిన కంపెనీ దగ్గరే కొనాలన్న నిబంధన లేదు.

కొత్త కారు కొంటున్నా. షోరూమ్ వాళ్లిచ్చిన ఇన్సూరెన్సే తీసుకోవాలా?

అక్కర్లేదు. బయట కొని తెచ్చిన పాలసీతో కూడా డెలివరీ ఇవ్వాల్సిందే. ఒకే ఐడీవీ, అవే యాడ్-ఆన్లు (అదనపు కవర్లు) పెట్టి బయట రెండు మూడు చోట్ల కోట్ తీసుకుని, దాన్ని షోరూమ్‌లో చూపించండి. చాలాచోట్ల ధర అక్కడికక్కడే దిగుతుంది. కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్లకు ఒకేసారి కట్టాలి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి ఈ పద్ధతి వచ్చింది. ఓన్ డ్యామేజ్ ఒక్క ఏడాదికే తీసుకుని, వచ్చే ఏడాది వేరే కంపెనీకి మారిపోవచ్చు.

## కారు ప్రీమియం లెక్క చూస్తున్నప్పుడు

థర్డ్ పార్టీ ధర ఏ కంపెనీలో తక్కువ?

ఎక్కడైనా ఒకటే. ఈ ధరను కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకటిస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 1,000 సీసీ వరకు 2,094, 1,000 నుంచి 1,500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897 రూపాయలు. వీటి మీద జీఎస్టీ అదనం. "మా దగ్గర థర్డ్ పార్టీ మీద డిస్కౌంట్" అని ఎవరైనా ఫోన్ చేస్తే అనుమానించండి. నకిలీ పాలసీలు అమ్మేవాళ్లు వాడే ఎర అదే. బేరం ఆడాల్సింది ఓన్ డ్యామేజ్ దగ్గర, యాడ్-ఆన్ల దగ్గర.

ఐడీవీ తగ్గిస్తే ప్రీమియం తగ్గుతుందని ఏజెంట్ అంటున్నాడు. తగ్గించమంటారా?

వద్దు. ఐడీవీ అంటే కారు పోయినా, పూర్తిగా పాడైనా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. ఎక్స్-షోరూమ్ ధరలోంచి వయసును బట్టి తగ్గిస్తారు: ఆరు నెలల వరకు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50. ఆపైన మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి.

10 లక్షల కారుకి మూడో ఏడాదిలో ఐడీవీ 7 లక్షలు రావాలి. దాన్ని 6 లక్షలకు దించితే పాత టారిఫ్ రేటు ప్రకారం మిగిలేది 3,283 రూపాయలు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకిచ్చే తగ్గింపు), కంపెనీ డిస్కౌంటు పోగా చేతిలో మిగిలేది వెయ్యి, పదిహేను వందలు. కారు దొంగలెత్తుకుపోయిన రోజున మాత్రం సరిగ్గా లక్ష రూపాయలు నష్టపోతారు. కోట్‌లు పోల్చేటప్పుడు మొదట చూడాల్సింది ఐడీవీయే. చవగ్గా కనిపించే కోట్ వెనక చాలాసార్లు ఉండేది తగ్గించిన ఐడీవీ.

జీరో డెప్ (పాతబడినందుకు కోత లేకుండా భాగాల ధర ఇచ్చే యాడ్-ఆన్) లేకపోతే ఏమవుతుంది?

మార్చిన భాగాల ధరలో కొంత మీరే కట్టుకోవాలి. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకు కారు వయసుతో పని లేకుండా 50 శాతం కోస్తారు. ఫైబర్ గ్లాస్‌కి 30 శాతం. అద్దాలకు కోత లేదు. ఇనుప భాగాలకు మొదటి ఆరు నెలలు ఏమీ కోయరు, అక్కడి నుంచి కారు వయసుతో పెరుగుతూ పోతుంది.

ఇప్పటి కార్లకు ముందూ వెనకా ఉండేది ప్లాస్టిక్ బంపరే. సిటీ ట్రాఫిక్‌లో దెబ్బ తగిలేదీ దానికే. కాబట్టి ఐదేళ్ల లోపు కారుకి జీరో డెప్ తీసుకోవడమే మంచిది. ఏడాదిలో ఎన్ని క్లెయిమ్‌లకు వర్తిస్తుందో పాలసీలో చూసుకోండి. చాలా కంపెనీలు రెండింటికి పరిమితం చేస్తాయి.

మా అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ సెల్లార్‌లో. ఇంజిన్ ప్రొటెక్ట్ తీసుకోవాలా?

తీసుకోవాలి. హైదరాబాద్‌లో సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్లకి, వానాకాలంలో అండర్‌పాస్‌ల మీదుగా ఆఫీసుకి వెళ్లేవాళ్లకి నేను మొదట చెప్పే యాడ్-ఆన్ ఇదే.

మామూలు ఓన్ డ్యామేజ్‌లో వరద ఉంది కదా అనుకుంటారు. నిజమే, సీట్లు, కార్పెట్లు, వైరింగ్ తడిసిన ఖర్చు అందులో వస్తుంది. చిక్కంతా ఇంజిన్ దగ్గర. నీళ్లు చేరిన ఇంజిన్‌ని స్టార్ట్ చేస్తే పిస్టన్ పైకి వచ్చినప్పుడు అక్కడ నలిగే గాలికి బదులు నలగని నీళ్లుంటాయి. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. సర్వేయర్ (నష్టాన్ని అంచనా వేసే వ్యక్తి) దీన్ని వరద వల్ల జరిగిన నష్టంగా కాక, స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టంగా రాస్తారు. ఇంజిన్ బిల్లు మీ మీద పడుతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ ఉంటే ఆ బిల్లు కూడా పాలసీలోకి వస్తుంది. కొన్ని కంపెనీలు, నీళ్లలో ఆగిన బండిని మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తే ఇందులోనూ ఇవ్వమని షరతు పెడతాయి, ఆ వాక్యం చదువుకోండి. మూడో అంతస్తు ర్యాంప్ పార్కింగ్‌లో కారు పెట్టి, మెట్రోలో ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఇది అంత అవసరం కాదు.

వాలంటరీ డిడక్టబుల్ (ప్రతి క్లెయిమ్‌లో కొంత మనమే భరిస్తామని ఒప్పుకోవడం) పెట్టుకుంటే ఎంత మిగులుతుంది?

చాలామంది అనుకున్నంత మిగలదు. పాత టారిఫ్‌లో 2,500 రూపాయలు మీరే భరిస్తామంటే ఓన్ డ్యామేజ్ మీద 20 శాతం, కానీ గరిష్ఠంగా 750 రూపాయలే. 15,000 భరిస్తామంటే 35 శాతం, గరిష్ఠంగా 2,500. ఏడాదికి 2,500 కోసం ప్రతి క్లెయిమ్‌లో 15,000 వదులుకోవడం రోజూ ట్రాఫిక్‌లో తిరిగే బండికి గిట్టదు. దీనికి తోడు తప్పనిసరి డిడక్టబుల్ ఎలాగూ ఉంటుంది: 1,500 సీసీ వరకు 1,000, ఆపైన 2,000 రూపాయలు.

ఇన్సూరెన్స్ మీద జీఎస్టీ తీసేశారన్నారు. మరి బిల్లులో 18 శాతం ఎందుకుంది?

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ పోయింది వ్యక్తిగత జీవిత బీమాకి, ఆరోగ్య బీమాకి. కారు, ఇంటి పాలసీల మీద 18 శాతం అలాగే ఉంది. బిల్లు సరైనదే.

నా పేరు మీద రెండు కార్లున్నాయి. రెండింటికీ పర్సనల్ యాక్సిడెంట్ కట్టాలా?

ఒకటి చాలు. యజమాని తానే నడుపుతూ ప్రమాదానికి గురైతే 15 లక్షల రూపాయలిచ్చే కవర్ అది. అది బండికి కాదు, మనిషికి. ఇదివరకే 15 లక్షల ప్రమాద బీమా ఉన్నా వద్దని రాసివ్వొచ్చు. రెండో కారు బిల్లులో ఈ లైన్ కనిపిస్తే తీయించేయండి.

## ఇంటి ప్రీమియం లెక్క చూస్తున్నప్పుడు

ఫ్లాట్ 90 లక్షలకు కొన్నాను. 90 లక్షలకే ఇన్సూరెన్స్ చేయించాలా?

వద్దు. ఆ 90 లక్షల్లో పెద్ద భాగం భూమి విలువ, ఏరియా విలువ. ఇల్లు కూలినా భూమి ఎక్కడికీ పోదు. ఇన్సూరెన్స్ చేయించాల్సింది తిరిగి కట్టడానికయ్యే ఖర్చుకి.

లెక్క సులువే. కార్పెట్ ఏరియా 1,200 చదరపు అడుగులు, నిర్మాణ ఖర్చు అడుగుకి 2,500 అనుకుంటే బిల్డింగ్ సమ్ ఇన్సూర్డ్ 30 లక్షలు. మీ బిల్డర్‌నో, తెలిసిన సివిల్ ఇంజినీర్‌నో అడిగి ఇప్పటి రేటు వేసుకోండి. మీరు కొన్ననాటి రేటు పనికిరాదు. మార్బుల్ ఫ్లోరింగ్, మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ ఉంటే ఆ ఖర్చూ కలపండి. 90 లక్షలకు చేయించినా, నష్టం జరిగినప్పుడు వచ్చేది కట్టుబడి ఖర్చే. మిగతా 60 లక్షల మీద కట్టిన ప్రీమియం వృథా.

ఇంటి పాలసీ అంత చవకంటే నమ్మబుద్ధి కావట్లేదు. అసలు ఏం వస్తుంది?

మామూలు ఫ్లాట్‌కి ఏడాది ప్రీమియం సాధారణంగా కారు ప్రీమియంలో చిన్న భాగమే ఉంటుంది. భూమి విలువ లెక్కలోకి రాకపోవడం, కాంక్రీటు ఇంటికి పూర్తి నష్టం అరుదుగా జరగడం దానికి కారణాలు.

అడిగి తీసుకోవాల్సిన పేరు భారత్ గృహ రక్ష. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి తెచ్చిన ప్రామాణిక పాలసీ ఇది. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, వరద, కొండచరియలు, అల్లర్లు, వాహనం వచ్చి గుద్దడం, వాటర్ ట్యాంకు లేదా పైపు పగలడం అన్నీ ఉంటాయి. ములుగులో 2024 డిసెంబర్ 4న 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు హైదరాబాద్‌లోనూ తెలిసింది కాబట్టి భూకంపం మనకు పట్టని విషయమేం కాదు. ప్రహరీ గోడ, గేటు, సెప్టిక్ ట్యాంకు, సోలార్ ప్యానెళ్లు కూడా ఇంటి కిందకే వస్తాయి.

ఇంట్లో సామానుకి బిల్డింగ్ విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, విడిగా జాబితా ఇవ్వకుండానే కవర్ ఉంటుంది. 30 లక్షల బిల్డింగ్‌కి 6 లక్షల సామాను. మరో మేలు, పొరపాటున సమ్ ఇన్సూర్డ్ కాస్త తక్కువ వేసుకున్నా, ఆ నిష్పత్తిలో క్లెయిమ్ కోయరు.

దొంగతనం ఇందులో ఉందా?

మీరనుకునే దొంగతనం లేదు. వరదో, అగ్నిప్రమాదమో జరిగిన ఏడు రోజుల్లోపు ఆ ఇంట్లో జరిగిన దొంగతనానికి మాత్రమే ఇస్తారు. ఊరెళ్లినప్పుడు తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే రావాలంటే బర్గ్లరీ కవర్ విడిగా తీసుకోవాలి.

మరి బంగారం?

సామాను కింద బంగారం దానంతటదే రాదు. విలువైన వస్తువుల కవర్ అడిగి తీసుకోవాలి. మొత్తం 5 లక్షలు, ఒక్కో వస్తువు లక్ష దాటకపోతే వాల్యుయేషన్ సర్టిఫికెట్ అడగరు. ఇప్పటి బంగారం ధరకి ఒక హారం కూడా లక్ష దాటేస్తుంది కాబట్టి సర్టిఫికెట్ చేయించి పెట్టుకోవడమే మేలు.

లాకర్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. 2022 జనవరి నుంచి అమలవుతున్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం జరిగితే బ్యాంకు బాధ్యత లాకర్ వార్షిక అద్దెకి వంద రెట్ల వరకే. అద్దె 3,000 అయితే 3 లక్షలు. వరద, భూకంపం లాంటి ప్రకృతి విపత్తులకు బ్యాంకు బాధ్యత వహించదు.

మాది అద్దె ఇల్లు. మాకెందుకు ఇది?

గోడలు ఓనర్‌వి, ఫ్రిజ్, టీవీ, మంచాలు, బట్టలు మీవి. సామానుకి మాత్రమే పాలసీ ఇస్తారు. గ్రౌండ్ ఫ్లోర్‌లో, నాలా పక్క వీధిలో అద్దెకుండేవాళ్లకి ఇది మరీ అవసరం. ఓనర్‌కి ఇన్సూరెన్స్ ఉన్నా అందులోంచి మీ సామానుకి ఏమీ రాదు.

గోడకి చెమ్మ పట్టింది, వోల్టేజ్ పెరిగి టీవీ కాలింది. ఇస్తారా?

చెమ్మకి ఇవ్వరు. నెమ్మదిగా పాడయ్యే వాటిని నిర్వహణ లోపంగా చూస్తారు. షార్ట్ సర్క్యూట్‌తో టీవీ మాత్రమే కాలితే ప్రామాణిక పాలసీలో రాదు. ఆ మంట కర్టెన్‌కి, సోఫాకి అంటుకుంటే వాటి నష్టం వస్తుంది. టీవీ, ఏసీల కోసం బ్రేక్‌డౌన్ కవర్ అని వేరే ఉంటుంది. నా అభిప్రాయంలో వారంటీ ఉన్నన్నాళ్లూ దాని మీద డబ్బు పెట్టనక్కర్లేదు.

అసోసియేషన్ వాళ్లు బిల్డింగ్ మొత్తానికి చేయించారు. నాకు మళ్లీ కావాలా?

సెక్రటరీ గారిని పాలసీ కాపీ అడగండి. కొన్ని అసోసియేషన్లు లిఫ్టు, జనరేటర్, క్లబ్ హౌస్ లాంటి ఉమ్మడి ఆస్తులకే చేయిస్తాయి. ఫ్లాట్లు కూడా ఉంటే, ఒక్కో ఫ్లాట్‌కి ఎంత లెక్క వేశారో చూడండి. ఏదేమైనా మీ ఇంటి లోపలి సామాను, మీరు చేయించుకున్న ఇంటీరియర్లు అందులో ఉండే అవకాశం తక్కువ.

ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దులో) ఉందని హైడ్రా (ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) కూల్చేస్తే ఇన్సూరెన్స్ వస్తుందా?

రాదు. ప్రభుత్వమో, చట్టబద్ధమైన అధికారులో ఆదేశించి చేసిన కూల్చివేత పాలసీ పరిధిలోకి రాదు. ఈ రిస్కుకి ఏ ప్రీమియం కట్టినా రక్షణ దొరకదు. కొనేముందే చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ మ్యాపులు చూసుకోవాలి.

## రెన్యూవల్ సమయంలో

బంపర్ పగిలింది. క్లెయిమ్ చేయాలా, జేబులోంచి పెట్టుకోవాలా?

ఈ ఒక్క ప్రశ్నకి కాగితం, పెన్ను తీసుకుని కూర్చోండి. క్లెయిమ్ చేయని ఏళ్లు పెరిగేకొద్దీ ఓన్ డ్యామేజ్ మీద బోనస్ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నాకి పడిపోతుంది.

మీ ఓన్ డ్యామేజ్ బోనస్‌కి ముందు 12,000 అనుకుందాం. ఇప్పుడు 50 శాతం బోనస్‌తో 6,000 కడుతున్నారు. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది బోనస్ సున్నా, అదనంగా 6,000. ఆపై ఏడాది 20 శాతమే కాబట్టి 3,600. తర్వాత వరసగా 3,000, 1,800, 600. ఐదేళ్లలో మొత్తం 15,000. కారు పాతబడి ఐడీవీ తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం కొంత తక్కువ ఉంటుంది, అయినా పది వేల పైమాటే.

ఇప్పుడు బంపర్ బిల్లు చూడండి. పార్టు 9,000, పెయింటు, లేబర్ 4,000. జీరో డెప్ లేకపోతే పార్టులో సగం పోతుంది, పెయింటులో కొంత పోతుంది, డిడక్టబుల్ 1,000 పోతుంది. కంపెనీ నుంచి వచ్చేది ఏడు వేలు దాటదు. ఏడు వేల కోసం పది వేలు పోగొట్టుకోవడం అన్నమాట. బోనస్ 20 శాతం దగ్గరే ఉన్నా, ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉన్నా లెక్క మారుతుంది, అప్పుడు క్లెయిమ్ చేసుకోవచ్చు. గ్యారేజీ వాళ్లు "ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం సార్" అని తొందరపెడతారు. ఈ లెక్క వేసుకునేదాకా సంతకం పెట్టకండి.

గడువు దాటిపోయింది. ఇప్పుడేం చేయాలి?

కారు బయటకు తీయకండి. గడువు దాటిన రోజు నుంచి ఓన్ డ్యామేజ్ లేదు, థర్డ్ పార్టీ లేదు. కంపెనీ ఫొటోలో, వీడియోలో అడిగి బండి చూసుకుని కొత్త పాలసీ ఇస్తుంది. 90 రోజుల్లోపు అయితే బోనస్ నిలుస్తుంది. అది దాటితే ఏళ్ల తరబడి పోగైన 50 శాతం కూడా పోతుంది.

కారు అమ్మేసి కొత్తది కొంటున్నా. బోనస్ పోతుందా?

పోదు, బోనస్ మీది. పాత కంపెనీని అడిగి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ల వరకు కొత్త కారుకి వాడుకోవచ్చు. పెద్ద కారుకి మారేవాళ్లకి దీనివల్ల కలిసొచ్చేది చాలా ఎక్కువ. షోరూమ్ వాళ్లు అడగరు, మీరే చెప్పాలి.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నా. పాత ఓనర్ పాలసీ ఇంకా ఎనిమిది నెలలుంది. సరిపోతుందా?

థర్డ్ పార్టీ చట్టప్రకారం మీకు బదిలీ అయినట్టే లెక్క. ఓన్ డ్యామేజ్ మాత్రం 14 రోజుల్లోపు మీ పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టాలి. పెట్టకపోతే కారు ఆర్‌సీ ఒకరి పేరున, పాలసీ ఒకరి పేరున ఉందని క్లెయిమ్ ఆపేస్తారు. పాత ఓనర్ బోనస్ మీకు రాదు, ఆ తేడా కట్టాలి.

పిల్లల దగ్గరికి ఆరు నెలలు అమెరికా వెళ్తున్నాం. ఇల్లు తాళం వేసి ఉంటే పాలసీ చెల్లుతుందా?

వెళ్లేముందే కంపెనీకి ఈమెయిల్ రాసి, ఇల్లు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందో చెప్పి, కవర్ కొనసాగుతుందని రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున పనికిరాదు. రెన్యూవల్ తేదీ మధ్యలో పడుతుంటే ముందే కట్టేయండి. భారత్ గృహ రక్షను పదేళ్ల వరకు ఒకేసారి తీసుకునే వీలుంది. తరచూ విదేశాలకు వెళ్లేవాళ్లకి అది హాయి.

## నష్టం జరిగాక

సెల్లార్‌లో కారు మునిగింది. ముందు ఏం చేయాలి?

స్టార్ట్ చేయకండి. తాళం కూడా తిప్పకండి, బటన్ నొక్కకండి. నీళ్లు తగ్గిపోయి బయటికి బాగానే కనిపించినా ఇంజిన్‌లో నీళ్లుండొచ్చు. నీళ్లు ఏ ఎత్తు దాకా వచ్చాయో తెలిసేలా, నంబర్ ప్లేటు కనపడేలా ఫొటోలు తీయండి. గోడ మీద బురద గీత మిగిలితే దాన్నీ తీయండి. కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకుని, టోయింగ్‌తోనే సర్వీస్ సెంటర్‌కి పంపండి. కరెంటు కనెక్షన్లు సెల్లార్‌లో ఉంటే మెయిన్ ఆపేదాకా ఎవరూ నీళ్లలో దిగకూడదు.

రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్క వేసి ఐడీవీ ఇస్తారు. మునిగిన కారుకి వైరింగ్ మొత్తం మార్చాల్సి వస్తే అక్కడిదాకా వెళ్లడం కష్టమేం కాదు.

ఇంట్లోకి నీళ్లొచ్చాయి. కడిగేయొచ్చా?

ముందు వీడియో తీయండి, ఆ తర్వాత కడగండి. ఒక్కో గది, ఒక్కో అల్మారా, కింది అరలు తెరిచి తీయండి. పాడైన పరుపు, చెక్క సామాను సర్వేయర్ చూసేదాకా పారేయొద్దు. దుర్వాసన భరించలేకపోతే కంపెనీకి మెసేజ్ పెట్టి, ఫొటో తీసి పారేయండి. బిల్లులు లేవని టెన్షన్ పడకండి. పాత పండగ ఫొటోల్లో వెనకాల కనిపించే టీవీ, ఫ్రిజ్, ఆన్‌లైన్ ఆర్డర్ హిస్టరీ, కార్డు స్టేట్‌మెంట్ కూడా ఆధారాలే. ఇల్లు ఉండడానికి వీల్లేకుండా పోతే, ప్రత్యామ్నాయ వసతి అద్దె కూడా పాలసీలో ఉంటుంది, అడగండి.

సర్వేయర్ ఎన్ని రోజుల్లో రావాలి?

ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ని నియమించాలి. ఆయన 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. అది చేతికందిన ఏడు రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. పెద్ద వరద తర్వాత ఊరంతా క్లెయిమ్‌లే కాబట్టి ఆలస్యం అవుతుంది. అయినా తేదీలన్నీ రాసి పెట్టుకుని ఈమెయిల్‌లోనే అడుగుతూ ఉండండి.

క్లెయిమ్ తిరస్కరించారు. కోర్టుకి వెళ్లే ఓపిక లేదు.

కోర్టుకి ముందు మరో దారి ఉంది, దానికి ఫీజు లేదు. మొదట కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. ఏ షరతు కింద తిరస్కరించారో పాలసీ నంబరుతో సహా చెప్పమనండి. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255కి ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి (బీమా ఫిర్యాదులు తీర్చే అధికారికి) రాయండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాళ్లకి ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. ఫిర్యాదుతో పాటు పాలసీ కాపీ, తిరస్కరణ లేఖ, సర్వే రిపోర్టు, మీరు తీసిన ఫొటోలు జతచేయండి. సర్వే రిపోర్టు మీ దగ్గర లేకపోతే ముందుగా కంపెనీని అడిగి తీసుకోండి, దేన్ని ఎందుకు కోశారో ఉండేది అందులోనే.